ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కంప్యూటర్ దుకాణం ముందు కాసేపు నిలబడినా ఇంచుమించు ఇవే మాటలు వినిపిస్తాయి.

"అన్నా, గేమింగ్‌కి పాత సిస్టమ్ అప్‌గ్రేడ్ చెయ్యాలె."

"ప్రాసెసర్ ఏముంది తమ్మీ?"

"ఐ5."

"ఐ7 ఏసుకో. మస్తు స్పీడ్ అయితది."

కొటేషన్ కాగితం మీద మొదటి వరుస అక్కడే నిండిపోతుంది. మిగిలిన డబ్బులో మిగతావన్నీ సర్దుతారు. గ్రాఫిక్స్ కార్డుకు ఏదో ఒకటి, ర్యామ్ ఒక పుల్ల, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ కేబినెట్‌తోనే వస్తుంది. ఇంటికెళ్లి ఆట పెట్టాక బొమ్మ మునుపటిలాగే ఆగి ఆగి కదులుతుంటే ఆ కుర్రాడికి ఏం జరిగిందో అర్థం కాదు.

ఐ7 అన్నది తరగతి పేరు, వేగం కాదు. 2013లో వచ్చిన ఐ7-4770లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 జనవరిలో వచ్చిన ఐ3-12100లోనూ సరిగ్గా అన్నే. రెండింటి మీదా ఒకే ఆట ఆడిస్తే చిన్న అంకె ఉన్నదే పెద్దదాన్ని చిత్తుగా ఓడిస్తుంది. కానీ నా అసలు పేచీ పేర్లతో కాదు. ఏ భాగం మంచిదన్న ప్రశ్నతోనే మొదలుపెట్టడం తప్పు. ఇప్పుడున్న పెట్టెలో ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారన్నది ముందు తేలాలి. అది తేలకుండా కొన్నది ఎంత మంచి వస్తువైనా దండగే.

ఆట నడుస్తున్నప్పుడు తెర మీద కనిపించేది కదిలే బొమ్మ కాదు, ఒకదాని వెనక ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు. ఒక్కో చిత్రాన్ని ఫ్రేమ్ అంటారు. మామూలు మానిటర్ సెకనుకు 60 సార్లు తెరను మారుస్తుంది. అంటే ఒక్కో ఫ్రేమ్‌కు దొరికే గడువు 16.7 మిల్లీసెకన్లు. 144 హెర్ట్‌జ్ మానిటర్ అయితే ఆ గడువు 6.9కి పడిపోతుంది. ఆ కాస్త సమయంలో రెండు పనులు జరగాలి. ముందు ప్రాసెసర్ లెక్క తేల్చాలి. మీరు ఏ మీట నొక్కారు, ఎదుటివాడు ఎటు పరిగెత్తాడు, తూటా గోడకు తగిలిందా మనిషికి తగిలిందా, అందువల్ల ఇప్పుడు ఏయే వస్తువులు గీయాలి అని ఒక చిట్టా రాస్తుంది. ఆ చిట్టా పట్టుకుని గ్రాఫిక్స్ కార్డు బొమ్మ గీస్తుంది. ఫుల్ హెచ్‌డీ తెర మీద ఉండేవి 20,73,600 చుక్కలు. ప్రతి చుక్కకూ వెలుగు, నీడ, రంగు లెక్కగట్టాలి.

ఈ రెండు పనులూ ఒకదాని తర్వాత ఒకటి జరిగితే సమయాలు కూడుకోవాలి. అలా జరగదు. కార్డు ఒక ఫ్రేమ్ గీస్తుండగానే ప్రాసెసర్ తర్వాతి ఫ్రేమ్ చిట్టా రాయడం మొదలుపెడుతుంది. పెళ్లి బంతిలో ఒకడు విస్తళ్లు వేసుకుంటూ పోతాడు, వెనక ఇంకొకడు వడ్డిస్తూ వస్తాడు. విస్తళ్లు వేసేవాడు ఎంత చురుకైనవాడైనా బంతి సాగేది వడ్డించేవాడి వేగంతోనే. అందుకే ఇక్కడ కూడిక పనికిరాదు, రెండింట్లో పెద్ద అంకె ఏదో అదే జవాబు. ప్రాసెసర్‌కు 9 మిల్లీసెకన్లు, కార్డుకు 22 పడుతున్నాయనుకోండి. సెకనుకు వచ్చేవి 45 ఫ్రేములు. ప్రాసెసర్ మార్చి 9ని 5 చేసినా వచ్చేవి ఆ 45 ఫ్రేములే. అదే డబ్బు కార్డు మీద పెట్టి 22ను 11 చేస్తే 90 వస్తాయి. ఇంకా మంచి కార్డు తెచ్చి 7కు దించారా, ఈసారి ఆగాల్సింది కార్డే. ప్రాసెసర్ తొమ్మిది దగ్గర పట్టేస్తుంది కాబట్టి 111 దాటదు.

ఇదంతా లెక్కల మాట. మన ఇంటి పెట్టెలో ఎవరికి ఎంత పడుతోందో తెలుసుకోవాలంటే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. ఆటలోని సెట్టింగుల్లోకి వెళ్లి రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించండి. గీయాల్సిన చుక్కలు సగం కన్నా తక్కువకు పడిపోతాయి. ప్రాసెసర్ రాయాల్సిన చిట్టా మాత్రం దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే తెర చిన్నదైనంత మాత్రాన శత్రువులు తగ్గరు. ఫ్రేములు ఒక్కసారిగా పెరిగాయా, ఇన్నాళ్లూ ఆపుతున్నది గ్రాఫిక్స్ కార్డు. కదలకుండా ఉన్నాయా, ఆపుతున్నది ప్రాసెసరో, దాని వెనకున్న ర్యామో.

చాలామంది ఈ పరీక్ష వదిలేసి టాస్క్ మేనేజర్ తెరుస్తారు. ప్రాసెసర్ 30 శాతమే వాడుతోంది కాబట్టి అది ఖాళీగా ఉందని తీర్మానిస్తారు. అక్కడే పప్పులో కాలేస్తారు. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు ఉన్న ప్రాసెసర్‌లో ఒకే ఒక్క థ్రెడ్ ఊపిరాడకుండా పనిచేస్తున్నా ఆ తెర మీద కనిపించేది 8 శాతం. ఆట ఇంజిన్‌లో ప్రధాన థ్రెడ్ తరచూ ఒక్కటే, మిగతావి దాని ఆజ్ఞ కోసం ఎదురుచూస్తుంటాయి. చూడాల్సింది కార్డు వాడకం అంకె. ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అది తెర మూలన కనిపించేలా పెట్టుకోవచ్చు. 97, 99 దగ్గర నిలిచి ఉంటే కార్డే అడ్డు. ఫ్రేములకు ఏ హద్దూ పెట్టకపోయినా ఆ వాడకం 60 శాతం దగ్గర ఊగిసలాడుతుంటే కార్డు ఖాళీగా కూర్చుని చిట్టా కోసం చూస్తోంది. ఆటను బట్టి కూడా ఇది మారుతుంది. అదే పెట్టెలో వాలరెంట్ ఆడితే ప్రాసెసర్ అడ్డుపడుతుంది, సైబర్‌పంక్ 2077 ఆడితే కార్డు అడ్డుపడుతుంది. "గేమింగ్ పీసీ" అనే ఒకే వస్తువు ఉందని నేను నమ్మను. ముందు మీరు ఆడే ఆట ఏదో చెప్పాలి.

సగటు ఫ్రేముల అంకె కూడా మోసం చేస్తుంది. ఒక సెకనులో 59 ఫ్రేములు పదేసి మిల్లీసెకన్లకు వచ్చి, అరవయ్యోది 410 మిల్లీసెకన్లు తిన్నదనుకోండి. సగటు సెకనుకు 60. చూసే కంటికి మాత్రం దాదాపు అర సెకను బొమ్మ గడ్డకట్టింది. అందుకే తెలిసినవాళ్లు సగటుతో పాటు "వన్ పర్సెంట్ లో" అడుగుతారు. నూటికి ఒకటిగా వచ్చే అతి నెమ్మది ఫ్రేముల వేగం అది. ఆట చేతికి ఎలా తగులుతుందో చెప్పేది ఆ అంకె.

ఇక ఒక పెట్టెను తీసుకుందాం. మన దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో బాగా తిరిగే కూర్పు ఇది. 2018లో వచ్చిన రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకే పుల్ల, 4 జీబీ జీటీఎక్స్ 1050 టీఐ కార్డు, ఒక టెరాబైట్ హార్డ్‌డిస్క్, 450 వాట్లని రాసిన పేరులేని ఎస్‌ఎంపీఎస్. ధరలు ఇక్కడ రాయను. 2025 చివర్లో డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు. పుస్తకంలో అచ్చయిన ధర మీ చేతికి వచ్చేసరికే పాతబడిపోతుంది. లెక్క మాత్రం పాతబడదు.

కొనకుండా దొరికేవి ముందు తీసుకుందాం. 3200 అని డబ్బా మీద రాసిన ర్యామ్ కొన్నవాళ్లలో చాలామంది అది 2133 దగ్గరో 2400 దగ్గరో నడుస్తోందని ఏళ్ల తరబడి గమనించరు. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ అనే మీట వేస్తే తప్ప అది డబ్బా మీది వేగానికి రాదు. కొన్ని బయాస్‌లలో దాని పేరు డీఓసీపీ. మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకు కాక మదర్‌బోర్డుకు గుచ్చి, కార్డు పనిచెయ్యట్లేదని వాపోయేవాళ్లూ ఉంటారు. 144 హెర్ట్‌జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేసేవాళ్లు మరికొందరు. మే నెలలో మన ఊళ్లలో గది వేడే నలభై దాటుతుంది. దుమ్ము పట్టిన హీట్‌సింకు, ఎండిపోయిన థర్మల్ పేస్టు ఉన్న పెట్టె ఆ వేడిలో తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. చిప్పు తినే కరెంటు వోల్టేజి వర్గాన్ని బట్టి, క్లాక్ వేగాన్ని బట్టి ఉంటుంది. వేగం ముట్టుకోకుండా వోల్టేజి మాత్రం పది శాతం దించగలిగితే దాదాపు 19 శాతం వేడి తగ్గుతుంది. దీన్నే అండర్‌వోల్టింగ్ అంటారు. ఎండాకాలంలో కొత్త ఫ్యాన్ కన్నా ఇదే ఎక్కువ ఆదుకుంటుంది.

ఆ తర్వాత ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది రెండో ర్యామ్ పుల్ల. డీడీఆర్4 3200 పుల్ల ఒక్కటి సెకనుకు 25.6 జీబీ అందించగలదు. మదర్‌బోర్డుకు ర్యామ్ దారులు రెండు. ఒకే పుల్ల పెడితే రెండో దారి గడ్డి మొలిచి ఉంటుంది. జత పుల్ల వేస్తే 51.2 జీబీ. 8 జీబీ కాస్తా 16 జీబీ అవుతుంది, దారీ రెట్టింపవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్లకైతే ఇంతకన్నా లాభసాటి బేరం లేదు. వాళ్ల బొమ్మ కూడా ఈ ర్యామ్‌లోనే గీయాలి మరి. నాలుగు స్లాట్లున్న బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది సాధారణంగా జంట. పక్కపక్కన గుచ్చితే రెండూ ఒకే దారిలో పడతాయి.

ఇప్పుడు అసలు ఖర్చు, గ్రాఫిక్స్ కార్డు. బడ్జెట్‌లో సగం దీనికి పోయినా నేను ఆశ్చర్యపోను. ఇక్కడ అంకెలు చదవడం రాకపోతే నిండా మునుగుతారు. కార్డులోని చిప్పు ఎంత చురుకైనదైనా దానికి మేత అందించేది కార్డు మీదే ఉండే వీడియో మెమరీ. జీటీఎక్స్ 1050 టీఐలో ఆ దారి సెకనుకు 112 జీబీ. 2021 అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6600లో 224, మెమరీ 8 జీబీ. పేరు ఒకటే ఉంచి ఈ దారిని కత్తిరించి అమ్మిన సందర్భాలున్నాయి. జీటీ 1030 మొదట జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, దాని దారి 48 జీబీ. 2018లో అదే పేరుతో మామూలు డీడీఆర్4 వేసి ఇంకో కార్డు వచ్చింది. దాని దారి 17 జీబీ కూడా లేదు. పేరు చూసి కొన్నవాడికి మూడో వంతు దక్కింది. డబ్బా మీద మెమరీ రకం చదవకుండా చౌక కార్డు కొనవద్దని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

వీడియో మెమరీ చాలకపోతే ఏమవుతుందన్నది ఇంకా ఆసక్తికరం. ఆట ఆగిపోదు. పొంగిపొర్లిన సరుకును మామూలు ర్యామ్‌లో దాచి, కావలసినప్పుడల్లా పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ గుండా లాక్కుంటుంది. ఆ స్లాటు మూడో తరానిదైతే, పదహారు లేన్లూ వాడుకున్నా సెకనుకు 16 జీబీ లోపే. కార్డు మీది 224తో పోల్చి చూడండి. మలుపు తిరగ్గానే బొమ్మ ఒక్కసారి తడబడటం, గోడల మీది రంగులు మసకగా కనిపించి కాసేపటికి తేటపడటం ఈ ఇరుకు దారి పనే.

2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ ఈ సంగతిని అందరికీ తెలిసేలా చేసింది. 4 జీబీ మెమరీ, లేన్లు నాలుగే. నాలుగో తరం స్లాటులో ఎలాగో నెట్టుకొచ్చింది. చౌక కార్డు కొనేవాడి ఇంట్లో ఉండేది మాత్రం మన బీ450 లాంటి మూడో తరం బోర్డు. అందులో గుచ్చితే దారి 4 జీబీ లోపుకు పడిపోయి, మెమరీ నిండిన ఆటల్లో అది చతికిలబడింది. కొత్త బోర్డు ఉన్నవాడికి ఆ కార్డు అక్కర్లేదు, అక్కర ఉన్నవాడి బోర్డు పాతది. ఇంతకన్నా విడ్డూరమైన బడ్జెట్ వస్తువును నేను చూడలేదు. ఆర్‌ఎక్స్ 6600కు ఎనిమిది లేన్లు, మెమరీ 8 జీబీ కాబట్టి పొంగిపొర్లడం తక్కువ. పాత బోర్డులో దానికి జరిగే నష్టం పట్టించుకోవాల్సినంత కాదు.

కార్డు మారాక, వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటి ఆటలే మీ లోకమైతే, ఇప్పుడు అడ్డుపడేది ప్రాసెసర్. మన 2600లో ఆరు కోర్లు రెండు గుంపులు. చిప్పులోనే ఉండే ఎల్3 క్యాష్ మెమరీ ఒక్కో గుంపుకు 8 ఎంబీ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600లోనూ కోర్లు ఆరే, వాట్లూ అవే 65. కానీ ఆరూ ఒకే గుంపు, అందరికీ కలిపి 32 ఎంబీ క్యాష్. తేడా అంతా అక్కడే ఉంది. కావలసిన సమాచారం క్యాష్‌లో దొరక్కపోతే ర్యామ్ దాకా వెళ్లిరావాలి. అందుకు సుమారు 80 నానోసెకన్లు పడుతుంది. వినడానికి అది ఏమాత్రం సమయం కాదు. 4 గిగాహెర్ట్‌జ్ ప్రాసెసర్‌కు మాత్రం అది మూడు వందలకు పైగా క్లాకులు చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆట అంటేనే ఎక్కడెక్కడివో చిన్న చిన్న వివరాలను పదే పదే వెతకడం కాబట్టి ఈ ఖాళీ కూర్చోవడమే అసలు రోగం. రైజెన్ తయారుచేసే ఏఎండీ ఇదే గమనించి 2022లో 5800ఎక్స్3డీ చిప్పు మీద అదనపు క్యాష్‌ను ఇంకో అంతస్తులా కట్టి 96 ఎంబీ చేసింది. మామూలు 5800ఎక్స్ కన్నా దాని క్లాక్ వేగం తక్కువ. అయినా చాలా ఆటల్లో ముందుంది.

2600 తీసి 5600 వెయ్యడానికి మదర్‌బోర్డు మార్చక్కర్లేదు, అదే మనకు కలిసొచ్చిన సంగతి. నిజానికి ఈ అదృష్టం త్రుటిలో తప్పిపోయేది. 2020 మే నెలలో ఏఎండీ రైజెన్ 5000 తరం బీ450 బోర్డుల మీద నడవదని ప్రకటించింది. పాత బోర్డుల బయాస్ చిప్పులు చాలావరకు 16 ఎంబీవే, అన్ని తరాల ప్రాసెసర్ల వివరాలూ అందులో పట్టవన్నది చెప్పిన కారణం. కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. అదే నెలలో కంపెనీ మాట మార్చుకుంది. ఇప్పుడు మనం చెయ్యాల్సింది వరుస తప్పకపోవడం. పాత ప్రాసెసర్ ఉండగానే బయాస్‌ను అప్‌డేట్ చెయ్యాలి, ఆ తర్వాతే కొత్తది వెయ్యాలి. ముందే పాతది అమ్మేస్తే తెర వెలగని పెట్టెను చంకన పెట్టుకుని దుకాణానికి పోవాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు అటకెక్కుతుంది, కాబట్టి యూపీఎస్ మీద పెట్టి చెయ్యండి.

ఎస్‌ఎస్‌డీ సంగతి తొందరగా ముగించవచ్చు. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్‌డిస్క్ ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన ముక్క సూది కిందకి రావడానికి సగటున సగం చుట్టు, దానికి తోడు సూది కదలడానికి సమయం. చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను చదవమంటే సెకనుకు వంద ముక్కలు కూడా కష్టం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదే లేదు. అయితే ఆట లోడవడం పెళ్లి బంతి లాంటిది కాదు. అక్కడ పనులు చాలావరకు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి, కూడిక పనిచేస్తుంది. కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పిన సూత్రం దీనికే వర్తిస్తుంది. 60 సెకన్ల లోడింగ్‌లో 36 డిస్కువి, 24 ప్రాసెసర్‌వి అనుకుందాం. డిస్కు పదింతలు వేగమైతే మొత్తం 28 లోపుకు వస్తుంది. ఆ పైన డిస్కు ఎంత వేగమైనా 24 కన్నా తగ్గదు. హార్డ్‌డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారితే ప్రాణం లేచి వస్తుంది, అక్కడి నుంచి ఆరింతల వేగమున్న ఎన్‌వీఎంఈకి మారితే పెద్దగా తెలియదు. రెండింటి ధరా ఒకటే ఉంటే ఎన్‌వీఎంఈ తీసుకోండి, అంతవరకే.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర మాత్రం నేను మొండిగా ఉంటాను. కొటేషన్‌లో ఆఖరి వరుసగా వచ్చే ఈ డబ్బాకు ఫ్రేములు పెంచే శక్తి లేదు, అందుకే ఎవరూ డబ్బు పెట్టరు. దాని పక్కన అతికించిన పట్టీ చదవండి. 450 వాట్లని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కార్డూ ప్రాసెసరూ తినేది 12 వోల్టుల లైను మీద, దాని గడిలో 20 ఆంపియర్లే రాసి ఉంటే దొరికేది 240 వాట్లే. మిగతావి మనకు పెద్దగా పనికిరాని లైన్ల మీద చూపించిన లెక్క. ఆర్‌ఎక్స్ 6600కు 132, పూర్తి లోడులో 5600కు 88 దాకా, పైన ఫ్యాన్లు, డిస్కులు. 240 అంచుకు వచ్చేశాం. పైగా కార్డు రెప్పపాటులో లాగే కరెంటు దాని సగటును మించి ఎగురుతుంది. ఆట మంచి పట్టులో ఉండగా పెట్టె టప్పున ఆరిపోతే వైరస్సో, విండోసో అనుకునేవాళ్లు ఈ గడి చూడరు.

1050 టీఐ చాలా మోడళ్లలో స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే బతికింది, దానికి వేరే వైరు అక్కర్లేదు. 6600కు ఎనిమిది పిన్నుల వైరు కావాలి. పాత ఎస్‌ఎంపీఎస్‌లో అది లేదంటే దుకాణంలో హార్డ్‌డిస్క్ వైర్లను కలిపే ఒక చవక కన్వర్టర్ చేతిలో పెడతారు. తీసుకోవద్దు. ఆ వైరు లేకపోవడమే ఆ డబ్బా అంత బరువు మొయ్యలేదనడానికి గుర్తు. ఇంట్లో యూపీఎస్ ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. 600 వీఏ అని అమ్మేవి సాధారణంగా 360 వాట్లే మోస్తాయి, అందులో మానిటర్ వాటా కూడా ఉంది.

కార్డును సెకండ్‌హ్యాండ్‌లో కొనడం తప్పేమీ కాదు. 2022 సెప్టెంబర్‌లో క్రిప్టో కరెన్సీ ఈథీరియం పద్ధతి మార్చుకోవడంతో కార్డుల మీద దాని మైనింగ్ ఆగిపోయి, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు కుప్పలుగా బజారుకొచ్చాయి. ఒకే వేడి దగ్గర నిలకడగా నడిచిన చిప్పుకు అంత భయం లేదు. అరిగేవి ఫ్యాన్ బేరింగులు, ఎండేవి మెమరీ మీది థర్మల్ ప్యాడ్లు. అందుకే దుకాణంలోనే బరువైన ఆట గానీ పరీక్ష గానీ ఇరవై నిమిషాలు నడిపించి, ఫ్యాన్ గరగర వింటూ, మెమరీ వేడి చూపించే కార్డయితే ఆ అంకె చూడాలి. తర్వాత జీపీయూ-జడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ తెరిచి షేడర్ల గడి చదవండి. అసలు ఆర్‌ఎక్స్ 580లో 2304 ఉంటాయి. చైనా బజారు కోసం 2018లో అదే పేరుతో తెచ్చిన రకంలో 2048 మాత్రమే, అంటే అంతకుముందు ఆర్‌ఎక్స్ 570లో ఉన్నన్ని. స్టిక్కర్ మీద 580 ఉండి గడిలో 2048 కనిపిస్తే బేరం 570 ధర దగ్గర మొదలుపెట్టాలి.